జీపుకి బ్రేకు పైపులు మార్చిన వారం

మొన్న టెక్కలిలో నా స్కూటీ బాగుచేయించుకుందామని మెకానిక్ షెడ్డుకి వెళ్ళాను. పక్కనే ఎవరిదో కారు జాకీ మీద ఎత్తి ఉంది. మెకానిక్ ఒక డబ్బా మూత తిప్పగానే గాలిలోకి వాసన వచ్చింది. ఆముదంలో కాస్త స్పిరిటు కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది, బ్రేకు ఆయిల్. పక్కన నిలబడ్డ ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకేమో నవ్వు ఆగలేదు. మెకానిక్ తలెత్తి, "ఏటయింది మేడమ్?" అన్నాడు. "ఏం లేదయ్యా, మా అత్తగారు గుర్తొచ్చారు" అన్నాను. అతను డబ్బా వంకా నా వంకా మార్చి మార్చి చూసి, ఇక అడగడం మంచిది కాదనుకున్నట్టు తన పని తను చేసుకున్నాడు.

మా అత్తగారి పేరు దమయంతమ్మ. ఉద్దానంలో, సముద్రపు హోరు వంటింట్లోకి వినిపించే ఊరు మా అత్తవారిది. కొబ్బరి తోట, జీడి తోట, పెరట్లో పనస చెట్లు, నట్టింట్లోకి కూడా వచ్చి చేరే ఇసక. ఆవిడ పొట్టి మనిషి. నడిస్తే పక్కవాళ్ళు పరిగెత్తాల్సి వచ్చేది. ఆ చుట్టుపక్కల జీపు నడిపే ఆడమనిషి ఆవిడొక్కరే. మావయ్యగారు ఎప్పుడో వయసులో ఉండగా మిలటరీ వాళ్ళ వేలంలో ఆ జీపు కొన్నారట. మోకాళ్ళ నొప్పులొచ్చి ఆయన క్లచ్ తొక్కలేకపోయిన ఏడు జీడిపిక్కలు పలాస చేర్చేవాళ్ళు లేకపోయారు. అప్పుడు అత్తగారు స్టీరింగు పట్టుకున్నారు. ఎవరు నేర్పారని తర్వాతెప్పుడో అడిగితే, "ఒకులు నేర్పడమేటి? ఇసకలోకి తోలుకెల్లిపోనాను. అక్కడ గుద్దితే సముద్రాన్నే గుద్దాల గదా" అన్నారు.

తొంభైల చివర్లో నాకు పెళ్ళయింది. మాది టెక్కలి. పెళ్ళి తంతులన్నీ ముగిశాక నన్ను కాపురానికి తీసుకెళ్ళడానికి ఎవరో కారు మాట్లాడుకుని వస్తారనుకున్నాం. మా వీధి మలుపులో పెద్ద చప్పుడు వినబడింది. నీలం రంగు వేసిన పాత జీపు, పైన గుడ్డ టాపు చిరిగిపోయి దాని మీద టార్పాలిన్ కట్టి ఉంది, స్టీరింగు వెనక మా అత్తగారు. నా భుజం మీద తలపెట్టి ఏడుస్తున్న మా అమ్మ ఏడుపు ఆపేసి నోరు తెరుచుకుని చూసింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. "ఏటమ్మీ అలా సూత్తావు? ముందర కూకో. ఎనక కూకుంటే ఒళ్ళు హూనమైపోద్ది" అన్నారావిడ. మా ఆయన సామానుతో పాటు వెనక కూర్చున్నారు. నేను పెళ్ళికూతురి చీరలో, ముందు సీట్లో, అత్తగారి పక్కన.

నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్నగారికి ఇంట్లో చప్పుడు పడేది కాదు. ఆయన ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లో గిన్నె కూడా మోగకూడదు. అలా పెరిగి పెరిగి నేను తలూపడంతోనే రోజంతా గడిపేయడం నేర్చుకున్నాను. టెక్కలి కాలేజీలో ఫిజిక్సుతో బీయస్సీ పాసయ్యాను, మంచి మార్కులతోనే. అయినా మూడేళ్ళలో క్లాసులో ఒక్కసారి కూడా నోరు తెరిచి ప్రశ్న అడగలేదు. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు అదే గొప్పగా చెప్పారు, అమ్మాయికి నోట్లో నాలుక లేదని. అత్తవారింట్లో మొదటి నెలలన్నీ అలాగే గడిచాయి. మా ఆయన సోంపేటలో బడిపంతులు, పొద్దున్నే వెళ్ళిపోయేవారు. మావయ్యగారు వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుకునేవారు. అత్తగారు ఇల్లంతా తిరుగుతూ ఇద్దరికి సరిపడా మాట్లాడేవారు. నేను తలూపేదాన్ని.

ఆ వేసవిలో జీడిపిక్కల బస్తాలు వేసుకుని ఇద్దరం పలాస వెళ్ళాం. అక్కడ జీడిపప్పు తయారుచేసే షెడ్లు వీధుల నిండా ఉంటాయి. పిక్క కొట్టి పప్పు తీశాక మిగిలిన తొక్కు షెడ్ల పక్కన గుట్టలు గుట్టలుగా పోస్తారు. బస్తాలు దింపేసి తిరిగొస్తుంటే చిన్న పల్లం దగ్గర అత్తగారు బ్రేకు తొక్కారు. పాదం నేల దాకా పోయింది. మళ్ళీ తొక్కారు. మళ్ళీ పోయింది. ఎదురుగా ఇద్దరు మనుషులు తోపుడుబండి అడ్డంగా తిప్పుతున్నారు. "గట్టిగా పట్టుకో అమ్మీ!" అంటూ అత్తగారు గేరు తగ్గించి, స్టీరింగు పూర్తిగా పక్కకి తిప్పేశారు. జీపు రోడ్డు దిగి, గంతులేసుకుంటూ పోయి, పెద్ద తొక్కు గుట్టలోకి అద్దం దాకా దూరిపోయి ఆగింది.

పైనుంచి తొక్కు గలగలా జారి మా మీద పడింది. ఆ తర్వాత అత్తగారి గొంతు వినబడింది. "బతికే ఉన్నావేటి?"

నేను తలూపాను.

"అమ్మీ, నిన్నే! బతికే ఉన్నావేటి?"

నేను మళ్ళీ తలూపాను.

"నోరు తెరిసి సెప్పవే! నువ్వు తలూపితే నాకెలా తెలుత్తాది? నాను కళ్ళు మూసీసుకున్నాను!"

"బతికే ఉన్నానండీ" అన్నాను.

ఆవిడ ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. నా జడలో, రవికలో, ఒళ్ళో అంతా జీడి తొక్కే. ఆవిడ కొప్పులో ఒక పెద్ద తొక్కు ముక్క పువ్వులా గుచ్చుకుని ఉంది. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. షెడ్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి మేమిద్దరం గుట్టలో కూర్చుని కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాం. వాళ్ళు మాకు దెబ్బ తగిలి మతి పోయిందనుకున్నారు. జీడి జిడ్డు తగిలిన చోటల్లా చర్మం మండి, బొబ్బలెక్కి, వారం దాకా ఇద్దరం కొబ్బరినూనె రాసుకుంటూనే ఉన్నాం.

జీపుని పలాస మెకానిక్ దగ్గరికి తోయించాం. అతను కింద దూరి చూసి, ఒక పైపుని వేలితో నొక్కాడు. అది బిస్కట్టులా విరిగి అతని చేతిలోకి వచ్చేసింది. పెడలు తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్ళే ఇనప పైపులు అవి. "ఉప్పుగాలి మొత్తం తినీసిందమ్మా. ఒకటి మారిత్తే ఇంకోటి పోద్ది. అన్నీ మార్సాల. ఇది పెళ్ళిళ్ళ సీజను, నా కాడ జనాల్ని తోలే ట్రెక్కరు బళ్ళే వరసలో ఉన్నాయి. వర్సాలు పడ్డాక తెండి. నేకపోతే ఒగ్గేయండి, బండి ముసిల్దయిపోయింది" అన్నాడు. ఆ సాయంత్రం ఒక ట్రాక్టరుకి తాడు కట్టి జీపుని ఇంటికి లాక్కొచ్చాం.

మావయ్యగారు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. "సాలు. ఆ పాత ఇనుము కొనే మనిసికి కబురెట్టినాను. ఆదోరం వచ్చి పట్టుకుపోతాడు" అన్నారు.

"ఆదోరమా? నూకాలు కూతురి పెళ్ళి ఆ ఎనక వారమే గదా. పిల్లని డొంకూరు మన జీపులోనే దింపుతానని మాటిచ్చినాను" అన్నారు అత్తగారు. నూకాలు సముద్రం ఒడ్డున జాలరి పేటలో ఉండేది. రోజూ చేపల బుట్టతో మా పెరటి గుమ్మంలోకి వచ్చి, అత్తగారితో గంటసేపు లోకాభిరామాయణం మాట్లాడి వెళ్ళేది. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. ఆమె కూతురి అత్తవారు ఇచ్ఛాపురం దగ్గర డొంకూరులో.

"మాటదేటుంది, వేరే బండి కట్టిద్దాం" అన్నారు మావయ్యగారు. తర్వాత కంచం వంకే చూస్తూ, "నువ్వూ పోయి, ఆ పరాయింటి పిల్లా పోయి ఉంటే, నానొక్కడినీ ఈ వరండాలో ఏటి సేసుకుని బతకాల?" అన్నారు.

అత్తగారు ఆయన కంచంలో పప్పు ఇంకొంచెం వేసి, "ఆదోరం దాకా ఆగు" అన్నారు, అంతే.

మర్నాడు పొద్దున్న చూస్తే జీపు కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి. అత్తగారు కొబ్బరాకుల చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వంగాను. "అమ్మీ, ఇది సూడు. నాను తొక్కేది ఇక్కడ. ఆగాల్సింది ఆ సివర సక్రం. మద్దిన ఈ సన్నపు గొట్టం తప్ప ఏటీ నేదు. తాడు గాదు, గొలుసు గాదు. నా కాలి బలం ఆడికెలా ఎల్తంది?" అని అడిగారు. నన్ను కాదు, ఆ జీపునే అడుగుతున్నట్టు.

నాకు తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నకి బొమ్మ గీసి మరీ రాశాను. గొంతు దాకా వచ్చింది, ఎప్పటిలా అక్కడే ఆగిపోబోయింది. ఏ ధైర్యం వచ్చిందో, "అది ద్రవ పీడనం అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కింద నుంచి గబుక్కున బయటికి జరిగారు. "ఏటన్నావు? పీడనమా? పీడనమంటే పీడ గాదూ?"

"ఈ పీడ మంచిదేనండీ" అన్నాను.

ఊళ్ళో ఇంజక్షన్లు వేసే ఆయన దగ్గర్నుంచి రెండు కొత్త సిరంజీలు, ఒక సెలైన్ గొట్టం తెప్పించారు. నేను వాటిలో నీళ్ళు పట్టి, రెండింటినీ గొట్టంతో కలిపి, ఒకటి ఆవిడ చేతికిచ్చాను. నేను ఇక్కడ నొక్కితే ఆవిడ చేతిలో ఉన్నదాని పిడి పైకి లేచింది. ఆవిడ కెవ్వుమని అరిచారు. ఆ తర్వాత గొట్టంలోకి కాస్త గాలి బుడగ ఎక్కించి మళ్ళీ నొక్కాను. ఈసారి ఆవిడ చేతిలోది సగమే కదిలింది. "చూశారా, నీళ్ళు నలగవు, గాలి నలుగుతుంది. మన బలం గాలి తినేస్తుంది. అందుకే పైపుల్లో గాలి ఉండకూడదు" అన్నాను. నా అంతట నేను అంత పొడుగు మాట ఆ ఇంట్లో మాట్లాడడం అదే మొదలు. అత్తగారు సిరంజీ పట్టుకుని నన్నే చూస్తున్నారు. "ఇంత సంగతి నోట్లో ఎట్టుకుని ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నావే!" అన్నారు. ఆ పొద్దున్న ఆవిడ ఆ సిరంజీలు పట్టుకుని వరండాలో మావయ్యగారికి, పాలు పోయడానికొచ్చిన ఆవిడకి, చేపల బుట్టతో వచ్చిన నూకాలుకి, అందరికీ "మా కోడలు సెప్పింది" అంటూ చూపించారు. నూకాలు రెండుసార్లు నొక్కి చూసుకుని, "ఓలమ్మో, ఇది బలేగుంది" అని, బుట్ట దించి మాతో పాటు అక్కడే కూర్చుండిపోయింది.

పైపులు విప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. నట్లన్నీ తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, నానబెట్టి, పానా పట్టుకుని ఇద్దరం చెరోవైపు లాగితే ఒక్కొక్కటే కదిలింది. ఒకటి కదిలినప్పుడల్లా అత్తగారు దాన్ని తిట్టి మరీ మెచ్చుకునేవారు. ఏ పైపు ఎక్కడిదో మర్చిపోకుండా నేను వాటికి రంగురంగుల చీర పీలికలు కట్టాను. ఆ పాత పైపులన్నీ చెరకు గడల్లా భుజాన వేసుకుని ఇద్దరం పలాస బస్సెక్కాం. కండక్టరు వాటిని చూసి, "ఇయ్యేటమ్మా?" అంటే, అత్తగారు "మా బండి పేగులు" అన్నారు. బస్సంతా నవ్వింది.

మా పనికి సమయం లేదన్న మెకానిక్ మమ్మల్ని ఆ వాలకంలో చూసి చేతిలో పని కింద పెట్టేశాడు. మంచి మనిషి. కొత్త పైపులు ఎక్కడ దొరుకుతాయో చెప్పాడు, పాతవాటితో సరిచూసి కొలతకి కోయించాడు, పైపు మూతిని గంటలా విప్పార్చే పనిముట్టు ఎలా వాడాలో ఓసారి చేసి చూపించి, దాన్ని మాకే అరువిచ్చాడు. "ఒకటే మాటమ్మా. మూతి ఇప్పార్సక ముందే నట్టు ఎక్కించాల. ఎనకాల ఎక్కదు" అని రెండుసార్లు చెప్పాడు. అత్తగారు రెండుసార్లూ "తెల్సుకున్నాన్లే" అన్నారు.

ఇంటికొచ్చాక పైపులు వంచడానికి రోకలి తెచ్చుకున్నాం. దాని చుట్టూ నెమ్మదిగా తిప్పితే పైపు నలగకుండా గుండ్రంగా వంగేది. అన్నిటికంటే పొడుగుది, ముందు నుంచి వెనక దాకా పోయేది, అత్తగారు తన చేత్తోనే చేస్తానన్నారు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండు మూతులూ ఎంత బాగా విప్పార్చారంటే, మెకానిక్ చేసినవి కూడా దాని ముందు చిన్నబోయేవి. దాన్ని ఎత్తి పట్టుకుని వరండా వైపు చూపిస్తూ, "సూడు, బంగారప్పని!" అన్నారు. పేపరు చాటు నుంచి మావయ్యగారు చూశారు. "బాగుంది గానీ దమయంతీ, నీ ఒళ్ళో ఆ నట్లు ఏటి?" అన్నారు. అత్తగారు ఒళ్ళోకి చూసుకున్నారు. నట్లు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. మూతులు విప్పారాక నట్లు ఇక ఎక్కవు, అంత పొడుగు పైపు మళ్ళీ తేవాలి. ఆవిడ మాత్రం నట్టుని వేలికి ఉంగరంలా పెట్టుకుని, చెయ్యి తిప్పి చూసుకుని, పగలబడి నవ్వారు. పాడైన పైపుని పారెయ్యలేదు. బట్టలారేసుకోవడానికి పెరట్లో రెండు పనస చెట్ల మధ్య కట్టించారు. మర్నాడు ఇంకో పైపు కోసం మళ్ళీ బస్సెక్కాం. మా పుట్టింట్లో తప్పు జరిగితే గిన్నెల చప్పుడు కూడా వినిపించని నిశ్శబ్దం ఉండేది. తప్పు చేసిన మనిషి అంత సుఖంగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

పైపులన్నీ బిగించాక గాలి తీసే పని మిగిలింది. ఒకరు పెడలు తొక్కి పట్టాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గరున్న చిన్న నిపిల్ వదులు చెయ్యాలి. ఆయిల్‌తో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. నిపిల్ బిగించాకే పెడలు వదలాలి, ముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. సన్నగా ఉన్నానని నన్ను కిందికి పంపారు. అత్తగారు పెడలు దగ్గర. ఆయిల్ పట్టే సీసా పట్టుకుని నూకాలు చక్రం పక్కన. అంటే ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు వదలాలో నేను చెప్పాలి, అత్తగారు చెయ్యాలి.

"తొక్కండి" అన్నాను.

"ఇనబడ్నేదు!"

"తొక్కండీ!"

"సముద్రం గోలలో నీ గొంతు ఎక్కడ ఇనబడతాదే! జాలరోల్లు పడవ మీద నుంచి ఎలా అరుత్తారో అలా అరవాల!"

కింద ఇసకలో పడుకుని, మొహమ్మీద ఆయిల్ చుక్కలు పడుతుంటే, కళ్ళు మూసుకుని అరిచాను. "తొక్కండీ! తొక్కి పట్టండీ! వదలండీ!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గోడవతల కోళ్ళు ఎగిరాయి. నాలుగు చక్రాలు, ఒక్కో దానికి ఎన్నిసార్లో. రెండో చక్రానికి వచ్చేసరికి ప్రహరీ మీద పిల్లలు చేరి నాతో పాటు అరవడం మొదలుపెట్టారు. "తొక్కండీ! వదలండీ!" వీధిలో పోయే ముసలమ్మలు లోపలికి తొంగి చూసి బుగ్గలు నొక్కుకున్నారు. "ఏటి దమయంతీ, కోడలు నిన్నలా ఆడిత్తంది?" అని ఒకావిడ అంటే, అత్తగారు పెడలు మీద నిలబడినంత పని చేస్తూ, "ఆడించనీ పిన్నీ! దీని గొంతు బయటికి రావడానికి ఇన్ని నెల్లు పట్టింది!" అన్నారు. సీసాలో బుడగలు గలగలమంటూ వస్తుంటే నూకాలు వాటిని "అదిగో ఎల్లింది, అదిగో ఇంకోటి ఎల్లింది" అంటూ సాగనంపింది.

అంతా అయ్యాక అత్తగారు పెడలు తొక్కి చూశారు. కాసేపు గట్టిగా నిలబడింది. ఆ తర్వాత మెల్లగా కిందికి జారింది. మళ్ళీ తొక్కారు. మళ్ళీ జారింది. పిల్లలు ఒక్కొక్కరే ప్రహరీ దిగారు. రేపు ఆదివారం. నాకు ఏడుపొచ్చింది. అత్తగారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయారు.

వరండాలో కుర్చీ కిర్రుమంది. మావయ్యగారు కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. నొప్పికి పళ్ళు బిగించి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తర్వాత మెల్లగా పక్కకి ఒరిగి జీపు కిందికి తల పెట్టారు. "దమయంతీ, ఓపాలి తొక్కి పట్టు" అన్నారు. ఆవిడ తొక్కి పట్టారు. ఆయన ఒక్కొక్క జాయింటునీ వేలితో తడుముతూ పోయి, వెనక ఇరుసు మధ్యలో ఒక చోట ఆగారు. వేలు తీసి నాకు చూపించారు. తడిగా ఉంది. "ఇదిగో, ఇది ఏడుత్తంది. పానా ఇటియ్యి అమ్మా" అన్నారు. ఆయన చేత్తోనే బిగించారు. మళ్ళీ ఒకసారి గాలి తీశాం. ఈసారి అత్తగారు తొక్కితే పెడలు రాయిలా నిలబడింది. ఆవిడ రెండు కాళ్ళూ పెట్టి తొక్కినా కదల్లేదు.

అత్తగారు కిందికి దిగి, ఆయన్ని లేపడానికి చెయ్యి అందించి, "అమ్మేత్తానన్నావు గదా?" అన్నారు.

"అమ్మితే అమ్ముతాను. బ్రేకుల్నేని బండి ఎవులికైనా అమ్ముతానేటి, పాపం గాదూ?" అని ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. నవ్వు మాత్రం దాచుకోలేకపోయారు. ఆ పూటే ముందు సీట్లో ఆయనే కూర్చున్నారు. "ముందర నన్ను తిప్పు. ఏటైనా అయితే నాకే అవ్వాల" అన్నారు. అత్తగారు సముద్రం దారిలో జీపుని వేగంగా పోనిచ్చి ఒక్కసారి బ్రేకు తొక్కితే ఆయన కళ్ళజోడు ఎగిరి ఇసకలో పడింది. దాన్ని వెతుక్కుంటూ ఆయన నవ్విన నవ్వు నేను అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా అంతగా వినలేదు. ఆదివారం వచ్చిన ఇనప సామాను మనిషి పాత పైపుల కట్ట, ఒక పనసపండు పట్టుకుని వెళ్ళాడు.

నూకాలు కూతుర్ని డొంకూరు తీసుకెళ్ళిన రోజు జీపుకి కొబ్బరాకులు, మొగలి రేకులు కట్టారు. ముందు సీట్లో అత్తగారి పక్కన పెళ్ళికూతురు. వెనక నేను, నూకాలు, డప్పులవాళ్ళు, పిల్లలు, సారె బుట్టలు, ఎవరి కాళ్ళు ఎవరివో తెలియనంత ఇరుకు. దారిలో ఒక కల్వర్టు దిగుతుంటే తోటలోంచి గేదెల మంద ఉన్నట్టుండి రోడ్డెక్కింది. అత్తగారు బ్రేకు తొక్కారు. వెనకున్న వాళ్ళమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. జీపు ఉన్నచోటే ఆగిపోయింది. ముందున్న గేదె బానెట్టుకి జానెడు దూరంలో నిలబడి మమ్మల్ని తీరిగ్గా చూసి, తన దారిన తను పోయింది. అత్తగారు వెనక్కి తిరిగి, అంతమందిలో నన్ను వెతికి పట్టుకుని, "నీ పీడనం పన్జేసిందే వనజా!" అన్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా డప్పులవాళ్ళు వాయించడం మొదలుపెట్టారు.

ఆ పెళ్ళి తర్వాత అత్తగారు నన్ను బీఎడ్‌కి పంపారు. ఇంట్లో పని ఎవరు చూస్తారని చుట్టాలెవరో అంటే, "ఆ గొంతు నానొక్కదాన్నే ఇంటే ఏటి లాభం?" అన్నారు. ఇసకలో జీపు నడపడం కూడా ఆవిడే నేర్పారు. నాకు ఉద్యోగం వచ్చాక, ఉత్తరువు చేతికి రాగానే, ఆవిడ వెళ్ళి ముందు చెప్పింది ఆ పలాస మెకానిక్‌కి.

రెండు వేల పది దగ్గరికొచ్చేసరికి, ఉద్దానంలో ఎన్నో ఇళ్ళ తలుపు తట్టిన కిడ్నీ జబ్బు మా ఇంటికీ వచ్చింది. విశాఖపట్నం ఆసుపత్రిలో అత్తగారిని మొదటిసారి డయాలిసిస్‌కి పడుకోబెట్టినప్పుడు, నేను మంచం పక్కన నిలబడి ఉన్నాను. ఆవిడ తన చేతి నుంచి మెషిన్‌లోకి పోతున్న గొట్టాల వంక శ్రద్ధగా చూశారు. నర్సుని పిలిచి, "అమ్మీ, ఇందల గాలి తీసినావా?" అని అడిగారు. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, "తీశామమ్మా, గాలి ఉంటే ప్రమాదం, అందుకే ముందే తీస్తాం" అంది. అత్తగారు నా వైపు తిరిగి, "ఈ పిల్లకి పని తెల్సు" అన్నారు. ఆ గదిలో నేను నవ్వుతానని అనుకోలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత మూడు వేసవులు ఆవిడ మాతో ఉన్నారు. ఆవిడ పోయాక జీపుని నిమ్మాడ రైతొకాయన అడిగి కొనుక్కున్నారు. నేనే నడిపి ఆయనకి అప్పగించి బస్సులో తిరిగొచ్చాను.

ఇప్పుడు నేను రావివలస వైపు ఒక హైస్కూల్లో ఫిజిక్సు చెబుతున్నాను. ఆవిడ దగ్గర్నుంచి ఏం తెచ్చుకున్నావని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. కిందటి వారం మా స్కూల్లో నీళ్ళ మోటారు ఆగిపోయింది. మెకానిక్ మర్నాటికి గానీ రానన్నాడు. స్టాఫ్ రూములో అందరూ రేపు చూద్దాంలే అన్నారు. నేను ముందు మెయిన్ స్విచ్ ఆపించి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగుర్ని వెంటబెట్టుకుని మోటారు గదిలోకి వెళ్ళాను. మూత విప్పాం, లోపల ఏముందో చూశాం, విప్పినవన్నీ వరసగా పేపరు మీద పేర్చాం. చేతులు నల్లబడ్డాయి. పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు, సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. మోటారు మాత్రం బాగుపడలేదు, మర్నాడు మెకానిక్కే వచ్చి బాగుచేశాడు. కానీ ఆ సాయంత్రం నేను నేల మీద పక్కకి ఒరిగి మోటారు కిందికి చూస్తుంటే, వెనక నుంచి ఒక పిల్ల కంగారుగా, "టీచర్, మీ సీర మొత్తం మరకలైపోతంది!" అంది.

"అవనీలే, ఉతుక్కుంటాను" అన్నాను. "నువ్వు ఆ టార్చి ఇటు పట్టు. పట్టి, నువ్వూ వంగి చూడు."